మన ఎళుత్తులో వచ్చిన నోటీసు

మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. తెలుగు చదవగలిగేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. పుదుచ్చేరి ఒర్లియంపేటలో ఇది వింతేమీ కాదు. ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో సగం ఇంగ్లీషు. బడిలో నేర్చుకున్నది తమిళ అక్షరాలు. అందుకని మాట మిగిలింది, రాత పోయింది. మా ఆవిడా ఈ వీధి పిల్లే. పెళ్ళికి ముందు నేను రాసిన ఉత్తరాలు వాళ్ళ తాతచేత చదివించుకోవలసి వచ్చిందనీ, ఆయన చదువుతూ మధ్యమధ్య దగ్గేవాడనీ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

నేను ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేశాను. చెన్నైలో కొన్నాళ్ళు, నెల్లూరులో కొన్నాళ్ళు, తిరుపతిలో కొన్నాళ్ళు. ఇతరులు రాసిన వార్తలు దిద్దడం, శీర్షికలు పెట్టడం నా పని. ఉద్యోగం అయిపోయాక మా ఆవిడ పుట్టింటి వీధికి వచ్చి పడ్డాం. ఇక్కడ నన్ను పేపర్ సార్ అంటారు. చిత్తూరు వైపు చుట్టాల శుభలేఖ, కొండ మీంచి తెచ్చిన లడ్డు సంచి, ఎవరో ఇచ్చిన నాటు మందు సీసా, తెలుగు అక్షరం ఉన్నది ఏది దొరికినా మా తిన్నె మీదికి వస్తుంది. "సారూ, ఇది మన ఎళుత్తు దా? ఏమి వేసి ఉండాది సూడు" అంటారు. ఎళుత్తు అంటే తమిళంలో అక్షరం, దా అనేది నొక్కి చెప్పే మాట. మన ఎళుత్తు అనేటప్పుడు వాళ్ళ గొంతులో కొంచెం గర్వం, కొంచెం సిగ్గు కలిసి ఉంటాయి. నగల పెట్టె ఇంట్లోనే ఉండి తాళంచెవి పారేసుకున్నవాళ్ళ సిగ్గు అది.

చదివి చెప్పడం నాకు ఇష్టం. ఆ ఇష్టం వల్లే ఇదంతా జరిగింది.

మా ఎదురింట్లో ఒక అక్క ఉంది. అరవై దాటింది. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైంది. భర్త ఆమె ఉద్యోగంలో ఉండగానే పోయాడు. కొడుకూ కోడలూ మాడి మీద, అంటే మేడ మీద ఉంటారు, ఆమె కింద. కొడుకు సేదరపేట్‌లో ఫ్యాక్టరీకి పోతాడు, షిఫ్టు పని. మంచివాడు. తల్లిని నేను అక్కా అంటాను కాబట్టి నన్ను మామా అంటాడు.

ఆ తల్లీకొడుకుల మధ్య ఒకే ఒక్క తగాదా. ఆమె పింఛను ఖాతా, ఆ ఖాతా కార్డు, ఆ ఖాతా సమాచారం వచ్చే ఫోను. కొడుకు వాటిని తన దగ్గర పెట్టుకుంటానంటాడు. "నీకేలమ్మా ఈ తలనొప్పి, నేను సూసుకుంటా గదా" అంటాడు. "నా పింఛను నేను సూసుకుంటా. నీ జీతం నువ్వు సూసుకో" అంటుంది ఆమె. నెల మొదట్లో గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని, ఆసుపత్రికి డ్యూటీకి పోయినట్టే, బ్యాంకుకు పోతుంది. ఫోను ఆమె సొంతంగా కొనుక్కుంది. తమిళంలో వచ్చే సందేశాలు తానే చదువుకుంటుంది, వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, నిదానంగా. బ్యాంకువాళ్ళు పంపే రెండు ముక్కల సందేశాన్ని కూడా మొత్తం చదివిగాని ఫోను కింద పెట్టదు. జీవితమంతా డాక్టర్లు, నర్సులు, భర్త, అత్త చెప్పినట్టు నడిచిన మనిషికి అది ఎంత పెద్ద సంగతో మా తిన్నె మీంచి చూస్తేనే తెలిసేది.

వ్యక్తిగత వివరాల రక్షణకు కొత్త నియమాలు వచ్చినప్పుడు మా పాత పత్రికవాళ్ళు నన్నొక వ్యాసం రాయమన్నారు. రాశాను. బ్యాంకుగానీ ఆసుపత్రిగానీ కంపెనీగానీ మీ వివరాలు ఎందుకు కావాలో మీకు చెప్పి, మీ సమ్మతి తీసుకోవాలని. ఆ నోటీసును మీ భాషలో చదువుకునే వీలుండాలని. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చునని. "భయపెట్టి తీసుకున్నది సమ్మతి కాదు" అని ఒక వాక్యం రాసి, బాగా కుదిరిందనుకున్నాను. ఆ వాక్యం గురించి మళ్ళీ చెప్పాలి.

వ్యాసం అచ్చయిన రోజు సాయంత్రం దాన్ని తిన్నె మీద కూర్చుని మా ఆవిడకూ అక్కకూ చదివి వినిపించాను. అక్క మల్లెమొగ్గలు కడుతూ విన్నది.

"మన ఎళుత్తులో కూడా ఇస్తారా నోటీసు?" అన్నది.

"ఇవ్వాలక్కా. అడిగితే ఇవ్వాలి."

"కరెంటు బిల్లు కూడా ఇన్నేండ్లకు మన ఎళుత్తులో రాలే సారూ ఈ ఊర్లో. వీళ్ళు ఇస్తారంటనా."

"చట్టం అక్కా."

"సరి, చట్టం." దారం పళ్ళతో తెంపింది. "నా డీటెయిల్స్ నాదేనంటివి గదా. మావోడికి కూడా చెప్పే పనిలేదా?"

"కొడుకైనా సరే, మీకిష్టం లేకపోతే అక్కర్లేదు."

ఆ మాట ఆమెకు బాగా నచ్చింది. మర్నాడు కొడుకు డ్యూటీకి పోతూ బండి మా ఇంటి ముందు ఆపి, నవ్వుతూనే అడిగాడు. "ఏంది మామా, మా అమ్మకు లా నేర్పించినారంట? పాస్‌బుక్ యాడ పెట్టినావంటే కోర్టుకు పో అంటాది." నేనూ నవ్వాను. గర్వంగా నవ్వాను.

ఆ తరవాత కొన్ని వారాలకు ఒక పూట, మార్కెట్టు నుంచి తెచ్చిన చేపలు కడుగుతున్నదేమో, తడి చేతిని కొంగుకు తుడుచుకుంటూ అక్క వచ్చింది. ఇంకో చేతిలో ఫోను.

"బ్యాంకునుంచి వచ్చినట్టుండాది సారూ. అంతా ఇంగ్లీష్. నువ్వు చెప్తివే, ఆ సమాచారమే ఏమో."

చూశాను. ఆ సమాచారమే. కొత్త నియమాల ప్రకారం ఖాతాదారులందరి సమ్మతినీ మళ్ళీ నమోదు చేస్తున్నారట. పైన బ్యాంకు గుర్తు. అడుగున, మీ భాషలో చదవండి అని ఒక లింకు. నొక్కాను. భాషల పేర్లు వరుసగా వచ్చాయి, ఏ భాష పేరు ఆ భాష అక్షరాల్లోనే.

అక్క నా భుజం మీంచి వంగి చూసింది. "తమిళ్ ఉండాదే. తమిళ్ పెట్టు సారూ, నేనే సదువుకుంటా."

నా వేలు అప్పటికే తెలుగు మీద ఉంది. "మన భాష ఉందక్కా. ఇదిగో."

నొక్కాను. తెరంతా గుండ్రటి అక్షరాలతో నిండిపోయింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది, అదే ఇబ్బంది. వ్యాసంలో నేను రాసింది నిజమై నా చేతిలోకి వచ్చినట్టయింది. "చూశావా" అని మా ఆవిణ్ణి వంటింట్లోంచి పిలిచాను. ఆమె గరిటతో సహా వచ్చి నిలబడింది. పేజీ మొత్తం పైకి చదివాను, రేడియోలో వార్తలు చదివేవాళ్ళలాగా. ఇద్దరు ఆడవాళ్ళూ పురాణం విన్నట్టు విన్నారు.

మంచి తెలుగు అది. నా వృత్తి అలవాటు కొద్దీ చదువుతూనే దిద్దడానికి చూశాను. లకు ళ పడలేదు. ఒత్తులు సరిగ్గా ఉన్నాయి. వాక్యాలు ముగిసిన చోట ముగిశాయి. మోసపు సందేశాలను తప్పుల తడకను బట్టి పట్టుకోవచ్చని మా పత్రికలో ఎన్నిసార్లు వేశామో. అక్షరదోషాలుంటే అనుమానించండి అని నేనే శీర్షిక పెట్టాను. ఇందులో దోషం లేదు, కాబట్టి అనుమానం లేదు. నేను ఒక ప్రూఫును చదివాను. ఒక మనిషికి వచ్చిన సందేశాన్ని చదవలేదు.

అందులో ఒక వాక్యం ఉంది. "నిర్ణీత గడువులోగా సమ్మతి తెలపనిచో మీ పింఛను ఖాతా సేవలు నిలిపివేయబడతాయి." అది కూడా పైకి చదివాను. నాకు తోచిందల్లా, తెలపనిచో అనేది పాతకాలపు మాట, మా డెస్కులో అయితే తెలపకపోతే అని మార్చేవాళ్ళం అని. భయపెట్టి తీసుకున్నది సమ్మతి కాదని రాసి ఎన్నాళ్ళో కాలేదు. నా వాక్యం నాకే గుర్తు రాలేదు.

అక్కకు మాత్రం చివరి మాటలు తగిలాయి. "పింఛను నిలిపేస్తారా?"

"నొక్కితే నిలపరక్కా. రెండు నిమిషాల పని."

ఆమె ఇంటికి పోయి పాస్‌బుక్కూ కార్డూ తెచ్చింది. ఆమె చూసి చెబుతుంటే నేను కొట్టాను. ఖాతా నంబరు, పుట్టిన తేదీ, కార్డు మీది అంకెలు. ఫోను టంగుమని మోగింది. ఓటీపీ వచ్చింది. ఆ సందేశం మాత్రం తమిళంలో ఉంది. ఫోను నా చేతిలోంచి తీసుకుని, వేలు పెట్టి, పూర్తిగా చదివింది.

"సారూ, ఈ నంబరు ఎవురికీ చెప్పగూడదని ఇందులోనే వేసి ఉండాదే."

"చెప్పకూడదన్నారు. మనం ఎవరికీ చెప్పడం లేదు గదక్కా. మనమే కొడుతున్నాం."

ఆమె ఆ సందేశాన్ని మళ్ళీ ఒకసారి చూసింది. చెప్పడానికీ కొట్టడానికీ తేడా ఉందని ఒక పేపర్ సార్ చెప్పాడు. "అట్లయితే సరి" అని ఫోను నా చేతికిచ్చింది. కొట్టాను. మీ సమ్మతి నమోదైంది, ధన్యవాదాలు అని వచ్చింది. అదీ తప్పుల్లేకుండా.

మా ఆవిడ కాఫీ ఇచ్చింది. గ్లాసు పట్టుకుని అక్క అన్నది: "ఏమైనా సరే, మన ఎళుత్తులో ఒక నోటీసు సూసేసినా. మా నాయన ఉంటే సంతోషపడుండును."

మధ్యాహ్నం భోజనాలై నేను పేపరు ముందేసుకుని కూర్చున్నాను. గేటు చప్పుడైంది. అక్క లోపలికి రాలేదు. గేటు పట్టుకుని నిలబడింది.

"సారూ, దుడ్డు పోతా ఉండాది."

ఆమె ఫోనులో తమిళ సందేశాలు ఒకదాని కింద ఒకటి. వాటిని ఆమె ఎవరి సాయం లేకుండా చదువుకుంది. ఎంత పోయిందో ఇక్కడ రాయను. కొంత ఎక్కడో ఆగి తరవాత వెనక్కి వచ్చింది, మిగతాది రాలేదు. పోయింది నేనిస్తానన్నాను. "నీ దుడ్డు నాకేల సారూ" అన్నది, అంతటితో సరి. పోయిన డబ్బుకంటే మిగిలిన సంగతే పెద్దదని నాకు తెలియడానికి ఇంకొక రోజు పట్టింది.

కొడుకు ఫ్యాక్టరీలో చెప్పి వచ్చేశాడు. ఫిర్యాదు నంబరుకు ఫోన్ చేశాడు, బ్యాంకుకు పరిగెత్తి ఖాతా ఆపించాడు. మర్నాడు పొద్దున్న స్టేషనుకు రమ్మన్నారు. "మీరూ రండి మామా, మీకు ఇట్లాంటివి తెలుసు గదా" అన్నాడు. తల్లి అతనితో ఏం చెప్పిందో నేను అడగలేదు. అడగకుండానే ఆటో ఎక్కాను.

స్టేషనులో హెడ్ కానిస్టేబుల్ ఓపికైన మనిషి. కంప్యూటరు ముందు కూర్చుని తమిళంలో ఒక్కొక్కటే అడుగుతూ టైపు చేస్తున్నాడు. లింకు ఎప్పుడు వచ్చింది, ఎక్కడ ఉన్నప్పుడు వచ్చింది. తరవాత, లింకు నొక్కింది ఎవరు అని అడిగాడు.

"నేను దా" అన్నది అక్క.

నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను మాట్లాడేవాణ్ణని చాలా రోజులు అనుకున్నాను. అది అబద్ధం. ఆమె చూడకపోవడం నాకు హాయిగా ఉంది.

"ఓటీపీ?"

"అదీ నేనే కొట్టినా."

"ఎవరికీ చెప్పకూడదని రాసుంది కదమ్మా. చదవలేదా?"

"సదివినా."

"చదివి కూడా కొట్టావా?"

కొడుకు నుదురు కొట్టుకున్నాడు. "చూసినారా సార్" అన్నాడు హెడ్డుతో, "ఎన్నిసార్లు చెప్పినానో. వింటేగా." నేను గోడ మీది కాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాను.

హెడ్డు టైపు చేస్తున్నది తెర మీద కనబడుతూనే ఉంది. తమిళం నాకు కూడబలుక్కుని చదివేంత వచ్చు. అవగాహన లేని కారణంగా, అని కొట్టాడు. ఆ మాటను నేను తెలుగులో ఎన్నేళ్ళు రాశానో. అవగాహన లేక మోసపోయిన వృద్ధురాలు. జిల్లా పేజీలో ఇలాంటి వార్త వస్తే చేతికి ఆ మాట దానంతటదే వచ్చేసేది. ఎవరికి అవగాహన లేదో, ఆ లింకు ఆమెకు ఎవరు చదివి వినిపించారో ఏ విలేకరినీ నేను అడగలేదు. వార్త చిన్నది, చోటు తక్కువ.

టైపు చేయడం అయ్యాక హెడ్డు మమ్మల్ని తేలికపరచడానికన్నట్టు చెప్పాడు. ఇదే సందేశం ఊళ్ళో చాలామందికి వచ్చిందట. అన్ని భాషల్లోనూ పెట్టాడట ఆ దొంగ. "మీరు ఏ భాషలో చూశారమ్మా?"

"తెలుగు."

"తెలుగు బాగా రాసినట్టున్నాడు. తమిళం చూశారా?" అంటూ ఫోను తీసి చూపించాడు. తమిళ పేజీ చూసి నవ్వొచ్చి, ఫొటో తీసి పంపించిందట ఒకావిడ. అక్క ఫోను దగ్గరికి పట్టుకుని వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. రెండో వరుసలో ఆగింది. మళ్ళీ చదివింది. ఆమె భుజాలు కదిలాయి.

"ఏంది ఇది. పింఛను కదై నిలిపేస్తాడంట."

ఖాతా అనవలసిన చోట కదై అని ఉంది. కదై అంటే కథ. మీ పింఛను కథ నిలిపివేయబడుతుంది. హెడ్డు నవ్వాడు. కొడుకు ఉన్నంత కోపంలోనూ నవ్వాడు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వి, ఆగి, ఫోను వెనక్కి ఇచ్చేసింది.

తమిళ్ పెట్టు సారూ, నేనే సదువుకుంటా అన్నది గదా. పెట్టి ఉంటే ఈ నవ్వు మా తిన్నె మీద నవ్వేది. అంతటితో అయిపోయేది.

స్టేషను బయట, ఆటో కోసం నిలబడి ఉండగా కొడుకు చెయ్యి చాపాడు. "ఫోనియ్యమ్మా." ఆమె ఇచ్చింది. "కార్డు." రవికలోని చిన్న పర్సులోంచి తీసి ఇచ్చింది. బేరం లేదు, ఎదురు మాట లేదు. నా ఎదుట ఆమె ఎప్పుడూ కొడుక్కి అంత తొందరగా లొంగలేదు.

తరవాతి రోజుల్లో ఎదురిల్లు మారింది. మారింది ఎదురిల్లు కాదు, ఆమె కూర్చునే తీరు. కొడుకు ఆమెకు ఒక బటన్ ఫోను కొనిచ్చాడు. దాన్ని గుమ్మం పక్కన గూట్లో పెట్టింది, మోగితే కోడలే వచ్చి తీసేది. నెల మొదట్లో నూలు చీర కట్టలేదు. కూరలబండి వస్తే మాడి వైపు తలెత్తి "రేయ్, చిల్లర కావాల" అని కేకేయడం విన్నాను. "ఎంతకమ్మా?" అని పైనుంచి అడుగుతాడు కొడుకు. కోపంగా కాదు, మామూలుగానే. ఎంతకో, దేనికో ఆమె చెప్పాలి. కూరలబండివాడు ఆ మాటలు తనవి కానట్టు వంకాయలు సర్దుకుంటాడు.

మా ఆవిడకు అంతా తెలుసు. ఆ రోజు గరిటతో నిలబడి విన్న మనిషి. "స్టేషన్‌లో మీరు నొక్కినారని చెప్పినారా లేదా?" అని అడిగింది. చెప్పలేదన్నాను. "ఏల? నోట్లో కొళుకట్ట పెట్టుకున్నారా?" కొళుకట్ట అంటే వినాయక చవితికి చేసే బియ్యప్పిండి కుడుము. అది నోట్లో ఉంటే మాట రాదు.

చెబితే డబ్బు తిరిగి వస్తుందా అన్నాను. "దుడ్డు గురించి ఎవురు అడిగినారు" అని లోపలికి పోయింది.

ఇంతలో పత్రికవాళ్ళు ఫోన్ చేశారు. కొత్త నియమాల పేరుతో మోసాలు మొదలయ్యాయట, నా మొదటి వ్యాసానికి కొనసాగింపుగా ఒకటి రాయమన్నారు. ఒక నిజమైన ఉదంతంతో మొదలుపెడితే బాగుంటుందన్నారు. కూర్చున్నాను. మొదటి వాక్యం దానంతటదే వచ్చింది. పుదుచ్చేరికి చెందిన, అవగాహన లేని ఒక వృద్ధురాలు, అని రాసి ఉంది కాగితం మీద. నా చేతిరాతే. దాని తరవాత ఏమి రాయాలో తోచలేదు. కలం మూత పెట్టి, చొక్కా తొడుక్కుని వీధి దాటాను.

ఆదివారం పొద్దున్న అది. కొడుకు వీధిలో బండి కడుగుతున్నాడు. అక్క మెట్టు మీద కూర్చుని చేటలో ములగాకు దూస్తోంది.

"ఏంది మామా, రండి" అన్నాడు.

కూర్చోలేదు. కూర్చుంటే వేరే మాటలు వస్తాయని తెలుసు. "ఆ రోజు నొక్కింది మీ అమ్మ కాదు. నేను" అన్నాను. తరవాత మిగతాది కూడా చెప్పాను. తమిళం పెట్టమని ఆమె అడిగిందనీ, తెలుగు పెట్టింది నేననీ. నంబరు ఎవరికీ చెప్పకూడదని ఆమే చదివి చెప్పిందనీ, చెప్పడం వేరు, కొట్టడం వేరు అని కొట్టింది నేననీ. ఏ మాటకూ మెరుగు పెట్టకుండా చెప్పడానికి చూశాను. అయినా చెబుతున్నప్పుడు నా గొంతు వార్త చదివే గొంతులాగే వినబడింది నాకు.

అతని చేతిలోని గొట్టంలోంచి నీళ్ళు బండి మీద కాకుండా వీధిలోకి పోతున్నాయి. "మీరా సార్?" అన్నాడు.

మామా పోయి సార్ వచ్చింది. ఆ తరవాత మళ్ళీ నన్ను మామా అనలేదు.

"స్టేషన్‌లో ఏల చెప్పలేదు సార్? పక్కనే ఉంటిరి గదా."

నా దగ్గరున్న జవాబు వీధిలో నిలబడి చెప్పగలిగింది కాదు. అతను నీళ్ళ వైపు తిరిగాడు. అతని గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది.

"సరే సార్. మీరు పేపర్‌లో పనిచేసినారు. మీరే మోసపోతే ఇంక మా అమ్మ ఎంత. అందుకే దా ఫోను నా దగ్గర పెట్టుకున్నా. ఇప్పుడు మీరే చెప్తిరి, నేను చేసింది కరెక్ట్ అని."

నేను ఆ సంగతి ఆలోచించలేదు. నిజం చెబితే ఆమె మీది మచ్చ పోతుందని వీధి దాటి వచ్చాను. నా నిజం పోయి అతని పక్షాన నిలబడింది. ఆమె చేతిలోంచి పోయినదాన్ని ఇంకాస్త గట్టిగా లాగేసినట్టయింది. వెనక్కి తిరగడానికి ఒక అడుగు వేశాను కూడా.

"సారు ఫోను ఎవురు గుంజుకున్నారు?"

అక్క తల ఎత్తలేదు. ఆకు దూస్తూనే ఉంది.

"ఏందమ్మా?"

"తప్పు సారు చేసినాడంట గదా. మరి సారు ఫోను సారు జోబీలోనే ఉండాదే. ఇంటామె గుంజుకోలే, పోలీసోడు గుంజుకోలే. సారు కార్డు సారు దగ్గరే ఉండాది. చెయ్యని తప్పుకు నాది ఏల నీ దగ్గర?"

కొడుకు చూపు నా చొక్కా జేబు మీద పడింది. జేబులో ఫోను ఉంది. నల్లగా, సగం బయటికి కనబడుతూ. తీసి దాచుకోవాలనిపించింది. దాచుకునే చోటు లేదు.

"నువ్వు ఊరుకోమ్మా. సార్ ముందర."

"ఊరుకుంటిని గదా ఇన్ని దినాలు. సదువుకున్నాయన, వీధిలో తల ఎత్తుకోలేడని సారు పేరు ఎత్తలే. నాకు లేదా తల?" ఈనెలు ఏరి పక్కన పడేసింది. "ఆస్పత్రిలో ఎన్ని బిడ్డలను ఈ చేతులతో అందుకున్నానో. పేగు మెడలో వేసుకొచ్చినోళ్ళను కూడా. ఆడ ఎవురూ నాకు చాతగాదని చెప్పలే. కూరలోడి ముందర నువ్వు ఎంతకమ్మా ఎంతకమ్మా అని అడుగుతావు."

కొడుకు కుళాయి కట్టేశాడు. ప్యాంటుకు చేతులు తుడుచుకుని మాడి ఎక్కాడు. దిగి వచ్చి, ఆమె ఫోనును చేటలో ములగాకు మీద పెట్టాడు.

"కార్డు?"

"రేపిస్తానమ్మా. యాడ పెట్టినానో."

"వెతుకు. కూర్చోని ఉంటా."

మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ దిగాడు. ఈసారి పాస్‌బుక్కు కూడా తెచ్చాడు. నా పక్కనుంచి బండి దగ్గరికి పోతూ, తగ్గు గొంతుతో, మర్యాదగానే అన్నాడు. "సార్, ఒక మాట. ఇంక మీరు వీధిలో ఎవురికీ ఏమీ సదివి చెప్పొద్దు."

సరేనన్నాను. అక్క విన్నది. కాదనలేదు.

తరవాతి నెల ఆమె నూలు చీర కట్టుకుని బ్యాంకుకు పోవడం చూశాను. మా తిన్నె దాటుతూ మా ఆవిణ్ణి పలకరించింది, నన్నూ పలకరించింది. కాఫీకి వస్తుంది, పూలు కట్టడానికి వస్తుంది. ఫోను తేవడం లేదు. మొన్న మొన్న చిత్తూరు నుంచి చెల్లెలి మనవరాలి శుభలేఖ వచ్చిందట, ముహూర్తం ఎప్పుడని ఫోన్ చేసి కనుక్కుందట. శుభలేఖ మా ఇంటికి రాలేదు.

పత్రికకు ఆ వ్యాసం ఇంకా పంపలేదు.

ఈమధ్యే అసలు బ్యాంకు నిజంగానే నోటీసు పంపింది. నాకూ అదే బ్యాంకులో ఖాతా ఉంది కాబట్టి నాకూ వచ్చింది. ఒక్కో భాషలో ఒక్కో వరుస. నడుమ తెలుగు వరుసలో రెండు అక్షరదోషాలు. గడువు లేదు, బెదిరింపు లేదు. మీ భాషలో పూర్తి నోటీసు కావలిస్తే శాఖలో అడగండి అని ఉంది. ఆమెకూ వచ్చే ఉంటుందనుకున్నాను. చెప్పాలా వద్దా అని తేల్చుకోకముందే, ఆ సాయంత్రం పూలు కడుతూ ఆమే అన్నది.

"మళ్ళీ వచ్చింది సారూ, ఆ దొంగోడిది. నడుమ మన ఎళుత్తు కనిపించింది. తుడిచేసినా."

"సదివినావా అక్కా?" అంది మా ఆవిడ.

"సదవడమేంది. గుండు గుండుగా ఉంటే సాలు, దొంగది. ఇన్నేండ్లు మన ఎళుత్తులో ఒక్క ముక్క రాయనోళ్ళు ఇప్పుడేల రాస్తారు?"

అది దొంగది కాదని నాకు తెలుసు. మా ఆవిడ నా వైపు చూసింది. నోరు తెరిచాను. ఈసారి కుడుము లేదు, అయినా వచ్చిన మాట చిన్నదే.

"బ్యాంకుకు పోయినప్పుడు ఒకసారి అడుగక్కా. నిజమైనదే అయితే వాళ్ళు చెబుతారు."

"అడుగుతా" అన్నది, దారం పళ్ళతో తెంపుతూ. "తమిళ్‌లో అడుగుతా."